140 మీటర్లకి ఏ ఫైబర్ వెయ్యాలి, పాత ఆరెంజ్ కేబుల్ మీద 10జి ఎందుకు నిలబడటం లేదు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. పర్లాకిమిడిలో మీ ట్రస్టు వాళ్ళు తాళపత్రాలు, పాత తెలుగు ఒడియా పత్రికలు స్కాన్ చేస్తున్నారు, స్కానింగ్ గది ముందు బిల్డింగులో ఉంది, స్టోరేజ్ సర్వర్ వెనకాల కట్టిన కొత్త బిల్డింగులో ఉంది, కేబుల్ వెళ్ళే దారి కొలిస్తే 140 మీటర్లు. 2009లో వేసిన ఆరు కోర్ల, అంటే ఆరు గాజు పోగుల, ఆరెంజ్ ఫైబర్ కేబుల్ మీద ఇన్నాళ్ళూ 1జి, అంటే సెకనుకి ఒక గిగాబిట్, ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఇప్పుడు రెండు వైపులా 10జి ఎస్ఆర్ మాడ్యూళ్ళు (స్విచ్‌లో గుచ్చి డేటాని వెలుగుగా మార్చే ముక్కలు, ఎస్ఆర్ అంటే దగ్గర దూరం రకం) పెడితే లింక్ వస్తోంది, పోతోంది, పెద్ద ఫైళ్ళు కాపీకి పెడితే సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో డేటా చెడిందని చెప్పే లెక్క) వేలల్లో పడుతున్నాయి. ఒక వెండర్ ఓఎం4 (లావు కోర్ ఉండే మల్టీమోడ్ ఫైబర్‌లో మెరుగైన రకం) వేయించమన్నాడు, ఇంకొకాయన సింగిల్ మోడ్ (వెలుగు ఒక్క దారినే పోయే సన్న కోర్ ఫైబర్) అన్నాడు, సింగిల్ మోడ్ అయితే ఇంత దగ్గరకి లేజర్ ఎక్కువైపోయి అవతల రిసీవర్ కాలిపోతుందేమోనని నీ భయం. రెండేళ్ళలో ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాలని కంప్యూటర్‌తో చదివించే పని) కోసం జీపీయూ సర్వర్లు వస్తే 25జి, 100జి కూడా కావాల్సొస్తాయి. ఇదే కదా.

నేను బరంపురం వాడినే. ఇరవై ఏళ్ళ పైన ఫైబర్ పనిలోనే ఉన్నాను, మొదట్లో హైదరాబాదులో డేటా సెంటర్లు, తర్వాత ఇటు గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఫ్యాక్టరీలకి, ఆస్పత్రులకి క్యాంపస్ లింకులు. కాబట్టి ముందు తేల్చి చెప్పేస్తాను: ఆ ఆరెంజ్ కేబుల్ మీద 10జి ఆశ వదులుకో, ఓఎం4 వద్దు, సింగిల్ మోడ్ వేయించు, 24 కోర్లు వేయించు. రిసీవర్ కాలదు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే రేపు నీ ట్రస్టు పెద్దల ముందు కూర్చుని ఖర్చుకి లెక్క చెప్పాల్సింది నువ్వే.

నువ్వు పెట్టిన ఫొటోలో కేబుల్ తొడుగు మీద 62.5/125 అని కనబడుతోంది చూశావా, జబ్బంతా అక్కడే ఉంది. అది ఓఎం1, అంటే ఒక్కో గాజు పోగులో వెలుగు నడిచే లోపలి కోర్ 62.5 మైక్రాన్లు. కోర్ అంత లావుగా ఉంటే వెలుగు ఒక్క దారిన పోదు, వందల దార్లలో పోతుంది, వాటినే మోడ్‌లు అంటాం. పాతపట్నం నుంచి మీ ఊరికి పదిమంది ఒకే నిమిషంలో బయల్దేరారనుకో, కొందరు రోడ్డు పట్టుకుని తిన్నగా వస్తారు, కొందరు సందులు తిరుగుతూ వస్తారు, బయల్దేరడం కలిసే అయినా చేరడం విడివిడిగా అవుతుంది. ఫైబర్‌లో పల్స్ కూడా అంతే, సన్నగా బయల్దేరినది అవతలికి చేరేసరికి వెడల్పయిపోయి పక్క బిట్ మీద పడుతుంది. 1జిలో ఒక బిట్‌కి పక్క బిట్‌కి మధ్య బోలెడు టైము ఉంటుంది కాబట్టి ఈ సాగుడు కనబడదు. 10జిలో ఒక బిట్‌కి దొరికేది సుమారు 97 పికో సెకన్లు, అంటే గాజులో ఆ బిట్ పొడవు రెండు సెంటీమీటర్లు మాత్రమే.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది, కాగితం మీద వేసి చూడు, నాకైతే ఈ లెక్క తెలిసిన రోజు చాలా సంతోషమేసింది. ఓఎం1 బ్యాండ్‌విడ్త్ 850 నానోమీటర్ల దగ్గర 200 మెగాహెర్ట్జ్-కిలోమీటర్, అంటే ఒక కిలోమీటరు కేబుల్‌కి 200, అదే 33 మీటర్లకి లెక్క కడితే 6 గిగాహెర్ట్జ్ పైన వస్తుంది. ఓఎం2కి 500, దాన్ని 82 మీటర్లకి కట్టు, మళ్ళీ 6 వస్తుంది. ఓఎం3కి 2000, 300 మీటర్లకి కడితే 6.7. ఈ 33, 82, 300 ఎక్కడివంటే 10జి ఎస్ఆర్‌కి స్టాండర్డ్‌లో రాసి ఉన్న దూరాలు అవే. అంటే 10జి ఎస్ఆర్‌కి ఫైబర్ కనీసం 6 గిగాహెర్ట్జ్ పైన దారి ఇవ్వాలి, అది ఇచ్చినంత దూరమే నడుస్తుంది. ఇప్పుడు నీ 140 మీటర్లకి ఓఎం1 ఇచ్చేదెంతో చూడు, 1.4. కావాల్సిన దాంట్లో పావు వంతు కూడా లేదు. అసలు లింక్ అప్పుడప్పుడైనా ఎలా వస్తోందంటే స్టాండర్డ్ దూరాలు చెడ్డ సందర్భాన్ని లెక్కలో పెట్టుకుని రాస్తారు, నీ లేజర్ వెలుగు కోర్‌లో పడిన చోటు బాగుండి కొన్ని మోడ్‌లే వెలిగితే కాసేపు నడుస్తుంది, ఎండ ఎక్కి కేబుల్ కాస్త కదిలినా ఎవరైనా ర్యాక్ తలుపు వేసినా ఆ మోడ్‌ల అమరిక మారిపోయి పడిపోతుంది. వెండర్ పవర్ మీటర్ పెట్టి "లైట్ బాగానే వస్తోంది సార్, కేబుల్‌లో ఏం ప్రాబ్లం లేదు" అన్నాడని రాశావు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, వెలుగు నిజంగానే బాగా వస్తోంది, కానీ పవర్ మీటర్ వెలుగు ఎంతుందో చెప్తుంది తప్ప పల్స్ ఎంత సాగిపోయిందో చెప్పదు. దగ్గర దూరాల్లో మల్టీమోడ్ లింకు చచ్చిపోయేది ఎక్కువసార్లు వెలుగు తగ్గి కాదు, పల్స్ సాగిపోయి.

ఈలోగా పని ఆగకూడదంటే ఒక దారి ఉంది. 10జి ఎల్ఆర్ఎమ్ అని ఒక రకం మాడ్యూల్ ఉంది, 2006లో స్టాండర్డ్ అయింది, సరిగ్గా ఇలాంటి పాత కేబుళ్ళ కోసమే చేశారు, 1310 నానోమీటర్ల లేజర్‌తో పంపి, అవతల సాగిపోయిన పల్స్‌ని చిప్‌లో ఈక్వలైజ్ చేసుకుని చదువుతుంది, పాత ఫైబర్ మీద 220 మీటర్ల దాకా. కానీ నీ స్విచ్ ఆ మాడ్యూల్‌ని సపోర్ట్ చెయ్యాలి, ఓఎం1 కాబట్టి మోడ్ కండిషనింగ్ ప్యాచ్ కార్డ్ (మాడ్యూల్‌కీ కేబుల్‌కీ మధ్య కలిపే చిన్న ఫైబర్ తీగ) కూడా కావాలి, ఆ కార్డ్ వెలుగుని కోర్ మధ్యలో కాకుండా కాస్త పక్కకి వేస్తుంది. ఎవరి దగ్గరైనా అరువుకి దొరికితే పెట్టుకో, డబ్బు పెట్టి కొత్తవి కొనకు. దొరక్కపోతే కొత్త కేబుల్ పడేదాకా రెండు జతల కోర్ల మీద రెండు 1జి లింకులు కలిపి నడుపు, స్కాన్ చేసే వాళ్ళ పని ఆగదు.

ఇక ఓఎం4 సంగతి. ఓఎం4 చెడ్డదని నేను అనను. 50 మైక్రాన్ల కోర్, ఓఎం1తో పోలిస్తే ఇరవై రెట్లకి పైగా బ్యాండ్‌విడ్త్, 10జి ఎస్ఆర్ 400 మీటర్లు పోతుంది, నీ 140 మీటర్ల 10జికి హాయిగా సరిపోతుంది. దాని బలమంతా విక్సెల్ లేజర్‌లో ఉంది. ఆ లేజర్ ఆలోచన 1977లో జపాన్‌లో కెనిచి ఇగాకి వచ్చింది, చిప్ పక్క నుంచి కాకుండా పై ముఖం నుంచి నిట్టనిలువుగా వెలుగు వచ్చేలా. దీంతో వేఫర్‌ని (చిప్‌లు చేసే పలుచటి పలకని) ముక్కలు కొయ్యకముందే లేజర్లన్నీ టెస్ట్ చేసుకోవచ్చు, వెలుగు గుండ్రంగా వస్తుంది కాబట్టి 50 మైక్రాన్ల కోర్ ముందు పెట్టడం సులువు, అందుకే చవక. కరెంటు కూడా తక్కువ తాగుతుంది. ఒకే హాల్లో వరసగా ర్యాక్‌లు పెట్టుకున్న వాళ్ళకి ఈనాటికీ అది మంచి మార్గమే.

కానీ స్పీడ్ పెరిగే కొద్దీ దాని దూరం ఎలా కరిగిపోతుందో చూడు. 10జికి ఓఎం4 మీద 400 మీటర్లు. 2010లో వచ్చిన 40జి ఎస్ఆర్4కి 150. 2015లో వచ్చిన 100జి ఎస్ఆర్4కి 100 మీటర్లు, ఆ మరుసటేడు వచ్చిన 25జి ఎస్ఆర్‌కీ అదే 100. ఒక్కో లేన్ (విడిగా నడిచే ఒక్కో వెలుగు దారి) 100జి నడిపే కొత్త రకం 2022లో వచ్చింది, దాంట్లో ఒకదానికి 100, ఇంకా చవకదానికి 50 మీటర్లే. నీ దారి 140. అంటే ఇవాళ ఓఎం4 వేస్తే 10జి, మహా అయితే ఆ పాత 40జి దగ్గరే కూర్చుంటావు, 25జి అనేసరికి మళ్ళీ గొయ్యి తవ్వాలి. ఓఎం5 అని లేత ఆకుపచ్చ రంగులో ఇంకోటి చెప్తారు, అది రెండు మూడు రంగుల వెలుగుని ఒకే కోర్‌లో పంపడానికి చేసింది, ఆ రకం మాడ్యూళ్ళు వాడితేనే లాభం, మామూలు ఎస్ఆర్‌కి ఓఎం4 కంటే ఒక్క మీటరు ఎక్కువ ఇవ్వదు. స్టాండర్డ్ దాటి ఎక్కువ దూరం పోతుందని రాసి అమ్మే మాడ్యూళ్ళు కూడా దొరుకుతాయి, జీవితాంతం ఆ ఒక్క కంపెనీకి కట్టుబడి ఉండాలి, నాకు నచ్చదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, 25జికి పైన మోడ్‌ల సాగుడు ఒక్కటే కాదు సమస్య. విక్సెల్ వెలుగు ఒక్క శుద్ధమైన రంగు కాదు, అర నానోమీటరు పైగా వెడల్పు ఉండొచ్చు, 850 దగ్గర గాజులో ఒక్కో రంగు ఒక్కో వేగంతో పోతుంది, కాబట్టి కోర్ ఎంత బాగా చేసినా పల్స్ సాగుతుంది. సింగిల్ మోడ్‌లో 1310 దగ్గర ఈ తేడా దాదాపు సున్నా అయ్యే చోటు ఉంది, దగ్గర దూరం మాడ్యూళ్ళన్నీ 1310 చుట్టూ తిరిగేది అందుకే. కోర్ తొమ్మిది మైక్రాన్లే, దారి ఒక్కటే, కాబట్టి మోడ్‌ల గొడవ అసలు లేదు. 140 మీటర్లలో ఆ గాజు నీ సిగ్నల్‌ని చెడగొట్టేది ఏమీ లేదనే చెప్పాలి.

మీ ఊరి వాడికి ఇది అర్థం కావడానికి రైలు చాలు. నౌపడ నుంచి గుణుపురం దాకా చిన్న లైను ఉండేది, మా నాన్నగారు మమ్మల్ని అందులో తీసుకెళ్ళేవారు. దాన్ని బ్రాడ్‌గేజ్ చెయ్యాలని 2004లో ఆపారు, పర్లాకిమిడి దాకా పెద్ద రైలు రావడానికి 2010 అయింది, గుణుపురానికి 2011. ఇంజన్లు, పెట్టెలు మార్చడం ఎంతసేపు, టైమంతా పట్టింది కింద ఉన్న పట్టాకి. ఫైబర్ అంటే పట్టా, మాడ్యూల్ అంటే బండి. మాడ్యూల్ మార్చడానికి ఒక మనిషి, ఐదు నిమిషాలు. కేబుల్ మార్చాలంటే మళ్ళీ గొయ్యి, మళ్ళీ పర్మిషన్లు, మళ్ళీ స్ప్లైసింగ్ (గాజు పోగుల్ని కరిగించి అతకడం). సింగిల్ మోడ్ వేశావంటే ఇవాళ 10జి ఎల్ఆర్ (సింగిల్ మోడ్ మీద 10 కిలోమీటర్ల రకం మాడ్యూల్), రేపు 25జి ఎల్ఆర్, ఎల్లుండి ఒకే జత కోర్ల మీద 100జి డీఆర్ అయితే 500 మీటర్లు, ఎఫ్ఆర్ అయితే 2 కిలోమీటర్లు, 400జి డీఆర్4కి ఎనిమిది కోర్లు చాలు, 500 మీటర్ల దాకా పోతుంది. అన్నీ అదే గాజు మీద. 10జిలో అయితే ఎస్ఆర్ మాడ్యూల్‌కి ఎల్ఆర్ మాడ్యూల్‌కి రేటులో తేడా నీ గొయ్యి ఖర్చు ముందు లెక్కలోకి రాదు. సింగిల్ మోడ్ కేబుల్ అయితే ఓఎం4 కంటే చవకే.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్ వచ్చాక ప్రతి మండలంలో, ప్రతి బ్లాకులో స్ప్లైసింగ్ మెషిన్ ఉన్న కుర్రాళ్ళు తయారయ్యారు, వాళ్ళు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చేసేది సింగిల్ మోడ్ పనే. అర్ధరాత్రి కేబుల్ తెగితే పర్లాకిమిడిలోనో పాతపట్నంలోనో ఒక కుర్రాడు దొరుకుతాడు, వాడి బ్యాగులో సింగిల్ మోడ్ పిగ్‌టైల్ (ఒక చివర కనెక్టర్ ఉన్న చిన్న ఫైబర్ ముక్క) ఉంటుంది. ఓఎం4 పిగ్‌టైల్ కావాలంటే విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి.

రిసీవర్ కాలిపోవడం గురించి. ఈ భయం చాలామందికి ఉంది, తప్పేమీ కాదు, ఎందుకంటే కొన్ని మాడ్యూళ్ళకి అది నిజం. 10జి ఎల్ఆర్ మీద "10 కిలోమీటర్లు" అని రాసి ఉంటుంది కాబట్టి చాలా బలంగా కొడుతుందనుకుంటారు. స్టాండర్డ్ ప్రకారం దాని లేజర్ ఎక్కువలో ఎక్కువ ప్లస్ 0.5 డీబీఎం (వెలుగు బలానికి కొలత), దాని రిసీవర్ తట్టుకోవాల్సింది కూడా ప్లస్ 0.5. అంటే ఒక మీటరు ప్యాచ్ కార్డ్‌తో ఎదురెదురుగా కలిపినా ఏమీ కాదు, నేను టేబుల్ మీద రోజూ అలాగే టెస్ట్ చేస్తాను. 40 కిలోమీటర్ల ఈఆర్, 80 కిలోమీటర్ల జెడ్ఆర్ వేరు, ఈఆర్ లేజర్ ప్లస్ 4 దాకా ఇస్తుంది, రిసీవర్ మైనస్ 1 కంటే ఎక్కువ తీసుకోకూడదు, మధ్యలో ఎటెన్యుయేటర్ (వెలుగు తగ్గించే ముక్క) పెట్టకపోతే దెబ్బతింటుంది. కాబట్టి ఎవరైనా "ఎక్కువ దూరందే మంచిది సార్" అని 80 కిలోమీటర్ల మాడ్యూల్ అంటగట్టబోతే వద్దని చెప్పు. ఇంకోటి, 1310 వెలుగు కంటికి కనబడదు, కనబడలేదు కదా అని కనెక్టర్‌లోకి ఎప్పుడూ తొంగిచూడకు, నీ కింద పనిచేసే పిల్లలకి కూడా చెప్పు.

నీ లింక్ లెక్క నేనే వేసి ఇస్తాను. కిలోమీటరుకి 0.35 డీబీ (వెలుగు నష్టానికి కొలత) చొప్పున 140 మీటర్లకి 0.05, అది లేనట్టే. రెండు చివర్లా ఎల్ఐయూలో (కేబుల్ కోర్లని పిగ్‌టైల్స్‌కి అతికే డబ్బాలో) ఒక్కో స్ప్లైస్ 0.1 అనుకో, ఒక్కో కనెక్టర్ జత 0.5 అనుకో, మొత్తం 1.25 డీబీ. లేజర్ బాగా నీరసంగా ఉండి మైనస్ 8.2 ఇచ్చినా అవతల మైనస్ 9.5 చేరుతుంది, ఎల్ఆర్ రిసీవర్‌కి మైనస్ 14.4 చాలు. బోలెడంత మిగులుంది. అయితే ఆ మిగులు చూసి నిర్లక్ష్యం చెయ్యకు, రేపు 100జి డీఆర్ పెట్టినప్పుడు మధ్యలో పోవడానికి నీకు ఉండేది మొత్తం 3 డీబీ. అప్పుడు కనెక్టర్ మీద ఉన్న దుమ్మే నీ దూరం.

ఈ దుమ్ము గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా అనుభవంలో దగ్గర దూరం లింకుల్లో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలుతాయి. సింగిల్ మోడ్ కోర్ తొమ్మిది మైక్రాన్లు, మన తల వెంట్రుక మందం దానికి ఏడెనిమిది రెట్లు. మీ దగ్గర తాళపత్రాల మీద నుంచి లేచే దుమ్ము ఉంది చూశావా, ఆ రేణువు ఒక్కటి కోర్ మీద కూర్చుంటే చాలు. ఒక రేణువుతో కనెక్టర్ తోసేస్తే అది రెండు ఫెర్రూల్స్ (కనెక్టర్ల కొనలు) మధ్య నలిగి గాజు మీద గీత పడుతుంది, తర్వాత ఎన్నిసార్లు తుడిచినా ఆ గీత పోదు. కొత్త ప్యాచ్ కార్డ్ కదా, మూత ఉంది కదా అనుకోకు, ఆ ప్లాస్టిక్ మూతలోనే మురికి ఉంటుంది. క్లిక్ మనే క్లీనర్ పెన్ను ఒకటి కొను, ప్రతిసారీ, రెండు వైపులా, గుచ్చే ముందు. చొక్కా అంచుతో తుడవద్దు, చేతులకి రాసుకునే శానిటైజర్ అసలు వద్దు, అందులో ఉన్న జిగురు గాజు మీద పొరలా మిగిలిపోతుంది. వీలైతే చేతిలో పట్టుకునే ఇన్‌స్పెక్షన్ మైక్రోస్కోపు, కెమెరా ఉన్నది, తెప్పించుకో. నాతో పనిచేసే ఒడియా కుర్రాడికి మొదటి వారం నేను నేర్పింది ఇదొక్కటే, ముందు సఫా, తర్వాత చూడు, తర్వాతే గుచ్చు.

రాయగడ వైపు ఒక ఫ్యాక్టరీలో జరిగింది చెప్తాను. కొత్త సింగిల్ మోడ్ లింక్, 300 మీటర్లు, 10జి ఎల్ఆర్, ఒక వైపు రీడింగ్ మైనస్ 3, బంగారంలా ఉంది, రెండో వైపు మైనస్ 13 నుంచి మైనస్ 17 మధ్య ఊగుతోంది. మాడ్యూళ్ళు మార్చారు, స్విచ్ మార్చారు, మూడు రోజులు పోయాయి. నేను వెళ్ళేసరికి రాత్రి పదకొండయింది. ఓటీడీఆర్ (ఫైబర్‌లో లోపం ఎక్కడుందో చూపే మీటర్) తీయకముందే ర్యాక్ వెనక చెయ్యి పెట్టి ప్యాచ్ కార్డ్‌ని వేలితో మెల్లగా వంచితే స్క్రీన్ మీద రీడింగ్ రెండు మూడు డీబీలు కదిలింది. టార్చి వేసి చూస్తే పసుపు కార్డుల గుత్తిలో ఒక్కటి, ఒకే ఒక్కటి, ఆరెంజ్ రంగు. పాత ర్యాక్‌లోంచి ఎవరో తీసి వాడారు, పొడవు సరిపోయిందని. లావు కోర్‌లోకి వెలుగు సులువుగా ఎక్కుతుంది, అక్కడ్నుంచి సన్న కోర్‌లోకి దిగేటప్పుడు చాలా భాగం బయటే పోతుంది, కార్డ్ కదిలితే లోపల మోడ్‌లు మారి ఆ పోయేది కూడా మారుతుంది. అందుకే ఒక దిక్కున బాగుంది, రెండో దిక్కున ఊగింది. రెండు మీటర్ల పసుపు కార్డు వేశాం, మైనస్ 3. నువ్వు కూడా కొత్త కేబుల్ పడిన రోజే ఆ పాత ఆరెంజ్ కార్డులన్నీ ర్యాక్‌లోంచి తీసేసి వేరే డబ్బాలో పెట్టి తాళం వెయ్యి.

రంగుల్లో ఇంకో జాగ్రత్త. మన స్ప్లైసింగ్ కుర్రాళ్ళ బ్యాగులో ఉండే పిగ్‌టైల్స్ ఇంటర్నెట్ పనివి, వాటి కనెక్టర్లు ఆకుపచ్చ, అంటే ఏపీసీ, ముఖం ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. నీ ఎల్ఆర్ మాడ్యూల్‌కి కావాల్సింది నీలం రంగు యూపీసీ. ఆకుపచ్చదీ నీలందీ అడాప్టర్‌లో కలిపితే మధ్యలో గాలి సందు మిగిలి లాస్ వస్తుంది, వెలుగు వెనక్కి కొడుతుంది, నొక్కి పెడితే ముఖాలు దెబ్బతింటాయి. పని మొదలు కాకముందే "ఎల్ఐయూలో అన్నీ ఎల్‌సీ నీలం పిగ్‌టైల్స్ కావాలి" అని కాగితం మీద రాసి ఇవ్వు, ఎల్‌సీ అంటే ఈ మాడ్యూళ్ళలో గుచ్చే చిన్న కనెక్టర్ రకం.

25జికి వెళ్ళినప్పుడు నీకు మొదట ఎదురయ్యే సమస్య ఇప్పుడే చెప్పి పెడతాను. ఫెక్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ముందే కొన్ని అదనపు బిట్లు కలిపి పంపి, దారిలో చెడిన బిట్లని అవతల సరిచేసుకునే పద్ధతి. 25జిలో అది ఆఫ్ చెయ్యొచ్చు, బేస్-ఆర్ పెట్టొచ్చు, ఆర్ఎస్ పెట్టొచ్చు, రెండు వైపులా ఒకటే ఉండాలి. స్విచ్ ఒక కంపెనీది సర్వర్ కార్డు ఇంకో కంపెనీది అయితే డిఫాల్ట్‌లు కలవవు, వెలుగు రెండు వైపులా బాగున్నా లింక్ రాదు, జనం కేబుల్ తప్పని తవ్వడం మొదలెడతారు. ఎస్ఆర్, ఎల్ఆర్ రెండింటికీ ఆర్ఎస్ పెట్టు.

పామ్4 అంటే ఏమిటని అడిగావు. ఇన్నాళ్ళూ లేజర్‌కి రెండే మెట్లు, వెలుగు ఎక్కువ అంటే ఒకటి, తక్కువ అంటే సున్నా. పామ్4లో నాలుగు మెట్లు, ఒక్కో పల్స్‌కి రెండు బిట్లు. అదే వేగంతో కొట్టుకునే లేజర్ మీద రెండింతలు పంపొచ్చు, 400జి డీఆర్4లో ఒక్కో లేన్ సెకనుకి 53 వందల కోట్ల పల్స్‌లతోనే 100జి మోస్తుంది. కానీ మొత్తం ఎత్తు అదే కాబట్టి మెట్టుకీ మెట్టుకీ మధ్య సందు మూడో వంతే మిగులుతుంది, సిగ్నల్-నాయిస్ లెక్కలో సుమారు 9.5 డీబీ నష్టం. కాబట్టి పామ్4 లింకుల్లో ఎర్రర్లు ఎప్పుడూ ఉంటాయి, అది జబ్బు కాదు, పదివేల బిట్లకి రెండు చెడినా ఫెక్ సరిచేస్తుంది. నువ్వు కౌంటర్ చూసేటప్పుడు సరిచేసిన ఎర్రర్లు చూసి కంగారు పడకు, సరిచెయ్యలేనివి ఒక్కటి కనబడినా లేచి కనెక్టర్ తుడువు. కనెక్టర్ల దగ్గర వెనక్కి కొట్టే వెలుగు పామ్4ని చాలా ఏడిపిస్తుంది, డీఆర్4 మాడ్యూళ్ళ ఎమ్‌పీఓ కనెక్టర్ ఏటవాలు ముఖంతో రావడానికి కారణం అదే.

ఎమ్‌పీఓ గురించి రెండు ముక్కలు, నీకు ఇప్పుడు అవసరం లేదు కాబట్టి. ఒకే ముఖంలో పన్నెండు ఫైబర్లు ఉంటాయి, నాలుగు లేన్ల మాడ్యూల్ అందులో ఎనిమిది వాడుతుంది. మాడ్యూల్లో పిన్నులుంటాయి, కాబట్టి కార్డ్ పిన్నులు లేనిది తీసుకోవాలి, పిన్నులున్నది తోస్తే గాజు పగులుతుంది. మాడ్యూల్ నుంచి మాడ్యూల్‌కి నేరుగా అయితే టైప్-బి కార్డు. బిల్డింగుల మధ్య మాత్రం ఎమ్‌పీఓ వద్దు, ఎల్‌సీ జతలే, ఎందుకంటే ఎమ్‌పీఓ పాడైతే మన దగ్గర బాగుచేసే వాళ్ళు దొరకరు.

ఒకే ర్యాక్‌లో స్విచ్‌కీ సర్వర్‌కీ మధ్య ఫైబర్ పెట్టకు, డ్యాక్ కేబుల్ పెట్టు, రెండు చివర్లా మాడ్యూల్ అతికించిన రాగి తీగ. 10జి, 25జిలకి మూడు మీటర్ల లోపు అయితే అంత చవకైనది, నమ్మకమైనది ఇంకోటి లేదు, కరెంటు దాదాపు తాగదు, దుమ్ము సమస్య లేదు. స్పీడ్ పెరిగే కొద్దీ రాగి దూరం తగ్గిపోతుంది, లేన్‌కి 100జి అయితే రెండు మీటర్లే. పెద్ద డేటా సెంటర్లలో వెలుగుని స్విచ్ చిప్ పక్కకే తెచ్చేద్దామని ఇప్పుడు జరుగుతున్న పనికి మూలం అదే, ఒక్కో 400జి మాడ్యూల్ పది వాట్ల చుట్టుపక్కల వేడి పుట్టిస్తుంటే అలాంటివి ముప్పై రెండు గుచ్చిన స్విచ్‌ని చల్లబరచడమే ఒక ఉద్యోగం అవుతుంది. నాకు ఆ రంగం అంటే చాలా ఇష్టం, కానీ నీ రెండు గదులకి అది అక్కర్లేదు.

కేబుల్ వేసేటప్పుడు మన వాతావరణం మర్చిపోకు. ఖర్చు తగ్గుతుందని ఎవరైనా స్తంభాల మీదుగా లాగుదామంటే ఒప్పుకోకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ జిల్లాలో ఎన్ని చెట్లు, ఎన్ని స్తంభాలు పడ్డాయో మీ ట్రస్టు పెద్దలకి గుర్తే ఉంటుంది. నేల కింద మూడడుగుల లోతున హెచ్‌డీపీఈ పైపు వేసి అందులో లాగించు, పక్కనే ఇంకో ఖాళీ పైపు పడేయించు, తాడు లోపల వదిలి. బిల్డింగుల మధ్య రాగి లాన్ కేబుల్ మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు, పిడుగు పడితే ఒక బిల్డింగు ఎర్త్‌కీ ఇంకో దానికీ తేడా వచ్చి రెండు వైపులా స్విచ్‌లు పోతాయి, ఫైబర్ గాజు కాబట్టి ఆ గొడవ లేదు. ఎలుకల కోసం ఆర్మర్డ్ కేబుల్ తీసుకుంటే దాని స్టీల్ తొడుగు కరెంటు మోస్తుందని గుర్తుంచుకో, ఆ తొడుగుని బిల్డింగు బయటే కత్తిరించి సరిగ్గా ఎర్త్ చేయించు, ర్యాక్ దాకా తేవద్దు. లాగేటప్పుడు కేబుల్ మందానికి ఇరవై రెట్లు, లాగాక పది రెట్లు, అంతకంటే చిన్న వంపు రాకూడదు. రెండు చివర్లా పది మీటర్లు చుట్టగా వదులు. 24 కోర్లూ స్ప్లైస్ చేయించు, వాడేది రెండే అయినా సరే, ప్రతి కోర్‌కి 1310 మీద రెండు వైపుల నుంచి లాస్ టెస్ట్ రిపోర్టు తీసుకున్నాకే బిల్లు ఇప్పించు.

ఇవాళ నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. రెండు స్విచ్‌లలోనూ మాడ్యూల్ రీడింగులు, అంటే టీఎక్స్ పవర్ (పంపే వెలుగు), ఆర్‌ఎక్స్ పవర్ (అందే వెలుగు), టెంపరేచర్, పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి తీసి ఇక్కడ పెట్టు, సీఆర్‌సీ కౌంటర్ కూడా. ఆర్‌ఎక్స్ మైనస్ 5 చుట్టుపక్కల కదలకుండా ఉండి ఎర్రర్లు మాత్రం పెరుగుతుంటే నేను చెప్పిన సాగుడే, ఇంక వెతకక్కర్లేదు. ఆర్‌ఎక్స్ మైనస్ 9.9 కంటే కింద ఉంటే పాత కేబుల్‌లో ఇంకో లోపం కూడా ఉంది, అప్పుడు 1జి కూడా ఎక్కువ రోజులు నిలబడకపోవచ్చు, కొత్త కేబుల్ పని ఈ వానల ముందే పెట్టుకోవాలి. స్విచ్ మోడల్ నంబరు కూడా రాయి, ఎల్ఆర్ఎమ్ తీసుకుంటుందో లేదో చూసి చెప్తాను.